సింగపూర్–పినాంగ్ క్రూజ్: మా టేబుల్ దగ్గర ఎవరెంత కట్టారంటే

ఒకే ఓడ, ఒకే అంతస్తు, కిటికీ లేని ఒకే కొలత గది. పర్లాకిమిడి మాస్టారు దంపతులు ఆ గదికి 59,000 రూపాయలు కట్టారు. మేమిద్దరం 76,000 కట్టాం. గుణుపురం నుంచి ఒక్కరే వచ్చిన పిన్నిగారు 61,000 కట్టారు. విశాఖ జంట ఇద్దరు పిల్లలతో కలిపి నలుగురికి 92,000 కట్టారు. 2025 డిసెంబర్‌లో సింగపూర్‌లో ఎక్కి, పినాంగ్ చూసి, మళ్లీ సింగపూర్‌లో దిగే మూడు రాత్రుల ప్రయాణమిది. ఓడ ఎలా ఉందని అడిగితే బాగుందని ఒక్క మాటలో చెప్పేస్తాను. కానీ మా బరంపురంలో ఏ పేరంటానికి వెళ్లినా నన్ను ముందు అడిగేది "ఎంతయింది?" అనే. దానికి ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే అడిగినవాళ్లను తప్పుదారి పట్టించినట్టే. అందుకే లెక్క మొత్తం విప్పి రాస్తున్నాను.

మాది అప్పడాలు, వడియాల వ్యాపారం. కిలో ఎంత, అందులో పప్పెంత, కూలెంత, రవాణా ఎంత అని విడగొట్టి చూడకపోతే మాకు రోజు గడవదు. ఓడలోనూ అదే అలవాటు. రెండో రాత్రి భోజనాల దగ్గర పక్క టేబుల్ నుంచి "పప్పులో కాస్త ఇంగువ పడుంటే ఎంత బాగుండేదో" అని అచ్చమైన మన మాట వినబడింది. ఆ మాట అన్నది పిన్నిగారు. కాసేపట్లో రెండు టేబుళ్లూ కలిశాయి. ఆవిడ వెనకాలే మాస్టారు, విశాఖ పిల్లలు, జయపురం నుంచి వచ్చిన కొత్త జంట చేరారు. ఊరూ పేరూ అయ్యాక డబ్బు మాట వచ్చింది. ఎవరూ దాచుకోలేదు, ఫోన్లు తీసి బిల్లులు చూపించారు. నేను నాప్‌కిన్ మీదే కూడికలు వేశాను.

మొదట మా సంగతి. మా ఊరి ఏజెంటు చెప్పిన ప్యాకేజీ మనిషికి 1,12,000, ఇద్దరికి 2,24,000. విశాఖ నుంచి సింగపూర్‌కు రానూపోనూ విమానం, రెండు రాత్రుల హోటల్, వీసా, ఊరు చూపించడం, ఓడ, 5 శాతం జీఎస్టీ అన్నీ అందులోనే. దీని పైన టీసీఎస్ అని ఇంకో 5 శాతం, అంటే 11,200, వేరుగా తీసుకున్నారు. అదే టేబుల్ దగ్గర మాస్టారు తనకైంది 59,000 అంటుంటే వినేవాళ్లకు మేము నిలువునా మునిగిపోయినట్టు అనిపిస్తుంది. అసలు కలపకూడనివి కలిపితే ఇలాగే ఉంటుంది. ఆయన 59,000లో విమానం లేదు, హోటల్ లేదు. మా ఏజెంటును అడిగి విడగొట్టించుకుంటే ఓడ వాటా మనిషికి 38,000 అని తేలింది. పోల్చాల్సింది దాన్ని.

టీసీఎస్ గురించి చాలామందికి తెలియడం లేదు కాబట్టి చెబుతున్నాను. అది ఏజెంటు లాభం కాదు, ఖర్చూ కాదు. మీ పాన్ మీద ప్రభుత్వానికి జమయ్యే ముందస్తు పన్ను. మేము వెళ్లేనాటికి విదేశీ టూర్ ప్యాకేజీకి ఏడాదిలో 10 లక్షల వరకు 5 శాతం పట్టేవారు. అది అప్పట్లో ఫారం 26ఏఎస్ అనే పన్ను జమల పట్టికలో కనబడేది. రిటర్న్ వేసేటప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, పన్ను పడని వాళ్లు వాపసు తెచ్చుకోవచ్చు. పాన్ నంబరు సరిగ్గా రాశారో లేదో బిల్లు మీద చూసుకోండి.

ఇక ఒకే రకం గదికి 59,000కూ 76,000కూ ఉన్న ఆ 17,000 తేడా ఎక్కడిది? పోర్టు ఛార్జీలూ పన్నులూ అందరికీ ఒకటే, మనిషికి సుమారు 7,000. అవి తీసేస్తే మాస్టారికి పడ్డ అసలు ఛార్జీ తలకు 22,500, మాకు 31,000. బెంగుళూరులో ఉన్న వాళ్లబ్బాయి వేసవి రాకముందే నేరుగా కంపెనీ సైటులో గది తీసుకున్నాడు. మేము దసరా వెళ్లాక తీసుకున్నాం. మన ఊరి మీదుగా పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో పక్కపక్క బెర్తుల వాళ్లు దాదాపు ఒకే ఛార్జీ కడతారు, ఓడలో ఆ పద్ధతి లేదు. గదులు నిండేకొద్దీ ధర ఎక్కుతుంది, నిండకపోతే దిగుతుంది. పైగా డిసెంబర్ అంటే స్కూలు సెలవులు. తేడాలో ఎక్కువ వాటా ఈ తేదీలదే, ఏజెంటు తీసుకున్నది అందులో కొంత.

ఆ కొంతకు ఆయన పని చేశాడని కూడా రాయాలి. ఓడ మలేషియా వెళ్లి తిరిగి సింగపూర్‌కే వస్తుంది కాబట్టి సింగపూర్ వీసా మళ్లీ లోపలికి రానిచ్చేదై ఉండాలి. దాన్ని మనవైపు నుంచి అధీకృత ఏజెంట్ల ద్వారానే పెట్టుకోవాలి. మలేషియాకు 2023 డిసెంబర్ నుంచి మనకు వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు మాత్రం నింపాలి. ఇవన్నీ ఆయనే చూశాడు. నాకున్న ఫిర్యాదల్లా ఒకటే. ఓడకెంత, విమానానికెంత అని అడిగితే తప్ప చెప్పలేదు, అడిగినా రెండు రోజులు "మొత్తం ప్యాకేజీ అండీ, విడిగా ఉండదు" అన్నాడు. విడిగా ఉంటుంది. రాసిమ్మని పట్టుబట్టండి.

జయపురం జంట ఇంకో దారిలో వచ్చారు. బయలుదేరడానికి మూడు వారాల ముందు బాల్కనీ గది మనిషికి 41,000కు దొరికిందట. ఏ అంతస్తులో ఏ గదో ఓడవాళ్లు ఇచ్చిందే తీసుకోవాలి, దాన్ని గ్యారంటీ గది అంటారు. వాళ్లకు వచ్చింది ఈతకొలను ఉన్న డెక్కుకు సరిగ్గా కింద. తెల్లవారుజామున నెత్తిమీద కుర్చీలు ఈడ్చే చప్పుడు. అయినా మా లోపలి గదికన్నా 3,000 మాత్రమే ఎక్కువ పెట్టి బాల్కనీలో కాఫీ తాగారు. ఈ దారి లాభమే, కానీ విమానం టికెట్లు చివర్లో కొంటే అక్కడ మిగిలింది ఇక్కడ పోతుంది. ఇంత చిన్న ప్రయాణానికి బాల్కనీ అవసరమా అంటే, నా మాట వద్దనే. మలక్కా జలసంధిలో పగలు బాల్కనీలో ఉక్క. పైన డెక్కు మీద గాలి అందరికీ ఉచితం.

విశాఖవాళ్ల 92,000 నలుగురికీ పంచితే తలకు 23,000. అందరిలోకీ చవక అనిపిస్తుంది. నిజానికి మొదటి ఇద్దరికి వాళ్లు కట్టింది చెరో 35,000. అదే గదిలో సర్దుకునే మూడో మనిషికి, నాలుగో మనిషికి ఛార్జీ నామమాత్రం, పోర్టు ఛార్జీలు మాత్రం పిల్లలకూ పూర్తిగా పడతాయి. అలా చెరో 11,000. రాత్రి గోడలోంచి మడతమంచాలు దించుతారు. ఆ గది చూశాను, నలుగురూ ఒకేసారి నిలబడటానికి చోటు లేదు. పిల్లలకు మాత్రం పై మంచమెక్కడమే పండగ. చిన్నపిల్లలున్న కుటుంబానికి ఇంతకు మించిన బేరం లేదు. తలకింత అని ప్రకటనలో కనబడే ధర చాలాసార్లు ఇలాంటి లెక్కే, ఇద్దరే వెళితే ఆ ధర రాదు.

చివరి రాత్రి తలుపు సందులోంచి ఒక కాగితం లోపలికి జారింది. మా గది ఖాతా. పైన మా ఆయన పేరు, కింద వరసగా తేదీలు. మొదటి వరసలు టిప్పులవి, మనిషికి రోజుకు 18 అమెరికా డాలర్లు, మూడు రోజులకు ఇద్దరికీ కలిపి 108. ఆ రోజు లెక్కన రూపాయల్లో దాదాపు 9,700. తరవాత మా ఆయన తాగిన రెండు నిమ్మసోడాలు, వాటి పక్కనే 18 శాతం సర్వీసు. ఒక రోజు వైఫై. ఒక ఫోటో. టిప్పు అడక్కుండానే పడుతుంది, పసిపిల్లలకూ పడుతుంది. ఈ సొమ్ము మా ప్యాకేజీలోనూ లేదు, మాస్టారి 59,000లోనూ లేదు. డాలర్లలో కార్డు మీద పోయే డబ్బుకు చాలా బ్యాంకులు మారకం రుసుము 3.5 శాతం వరకు వేస్తాయి, దాన్నీ కలుపుకోవాలి. రోజుకు రెండుసార్లు గది తుడిచి, దుప్పట్లు మార్చి, ఎదురుపడితే పేరుపెట్టి పలకరించిన మనిషికి ఆ టిప్పు చేరితే నాకు సంతోషమే. ముందే చెప్పి తీసుకోవాలన్నదే నా పట్టు.

తిండి గురించి ఎక్కువ రాయను. శాకాహారులకు ఇబ్బంది లేదు, భారతీయ వంటకాల వరస వేరుగా ఉంది, జైన భోజనం ముందు చెబితే చేస్తారు. చట్నీలు చప్పగా ఉన్నాయి. పెరుగు బాగుంది. సాయంత్రం నాటకశాలలో ఆటాపాటా టికెట్‌లోనే వస్తాయి, ముందుగా వెళ్లి కూర్చోవాలి. మూడో రోజంతా సముద్రమే, నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ రోజు. పిన్నిగారూ నేనూ కటకటాలు పట్టుకుని గంటలకొద్దీ నిలబడ్డాం. వాళ్ల తాతగారు గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయి, కొన్నేళ్లు కూలి చేసి తిరిగొచ్చారట. గంజాం, శ్రీకాకుళం ఊళ్ల నుంచి అలా డెక్కు మీద మూటలేసుకుని పోయినవాళ్ల సంతానం మా వైపు ఇంటింటా ఉన్నారు. ఆవిడ ఓడెక్కాలన్న కోరిక అక్కడిదే.

పినాంగ్ దగ్గర మళ్లీ తేడా వచ్చింది. ఓడవాళ్లు అమ్మే టూరు మనిషికి 60 డాలర్ల పైన. విశాఖవాళ్లు అది కొని బస్సులో తిరిగారు. మాస్టారు దంపతులూ మేమూ కాలినడకన వెళ్లాం. ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ ఊరి మధ్యలోనే ఉంది. గేటు దాటితే కార్న్‌వాలిస్ కోట, ఇంకాస్త నడిస్తే లిటిల్ ఇండియా. అక్కడ క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి, పినాంగ్‌లో అన్నిటికన్నా పాత హిందూ దేవాలయం. దర్శనం చేసుకుని, అరిటాకులో భోంచేసి వచ్చాం. జార్జ్‌టౌన్ 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది, పాత వీధుల్లో తిరగడానికి ఉచిత బస్సు కూడా ఉంది. పినాంగ్ కొండ ఎక్కాలనుకుంటే మాత్రం టూరు తీసుకోండి, అది దూరం, ఓడ మన కోసం ఆగదు. టూరు ఓడవాళ్లదైతే ఆలస్యమైనా వదిలిపోరు, ఆ ధీమాకు కట్టే డబ్బది.

నన్ను బాధపెట్టింది పిన్నిగారి లెక్క. గది ధర ఇద్దరు మనుషుల మీద కడతారు కాబట్టి ఒక్కరే వెళ్లినా రెండో మనిషి ఛార్జీ కూడా కట్టాలి. 27,000 రెండుసార్లు, పోర్టు ఛార్జీలు 7,000. టిప్పు కలిపితే ఆవిడకు అయింది 65,860. మాస్టారు దంపతులకు ఇద్దరికీ టిప్పులతో సహా 68,720. ఒక మనిషికీ ఇద్దరికీ తేడా మూడు వేలు కూడా లేదు. భర్త పోయాక పింఛను డబ్బు కూడబెట్టుకుని వచ్చిన మనిషి ఆవిడ. నిబంధన ఓడ కంపెనీలన్నిటిదీ, దాన్నేమీ అనను. కానీ ఆవిడ వచ్చిన బృందంలోనే, ఆవిడ ఏజెంటు ద్వారానే, ఇంకో ఆడమనిషి కూడా ఒంటరిగా, ఇంకో గదికి అంతే కట్టి వచ్చింది. ఇద్దరినీ ఒక గదిలో పెడితే ఎలా ఉంటుందని ఆ ఏజెంటు ఒక్కసారి అడగాల్సింది. ఆ రెండో ఆవిడ మాకు కనబడింది చివరి రోజు, దిగే వరసలో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని "ముందే తెలిస్తేనా!" అన్నారు.

ఒంటరిగా వెళ్లాలనుకునేవాళ్లు, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లు, ఏజెంటును రెండు సంగతులు అడగండి: బృందంలో గది పంచుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఆ ఓడలో ఒక్కరి కోసం కట్టిన స్టూడియో గదులున్నాయా. అన్ని ఓడల్లో ఉండవు, కొన్నింటిలో ఉంటాయి. పిన్నిగారు, ఆ రెండో ఆవిడ ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. వచ్చేసారి ఒకే గది తీసుకుంటారట. ధరలు రాగానే నాకు పంపమన్నాను, పోర్టు ఛార్జీ, టిప్పు విడదీసి లెక్క వేసిచ్చే పని నాది.