ఎస్‌కే-5 హోవర్‌క్రాఫ్ట్: బురదలో మెరుపు, ఎదురుకాల్పుల్లో బరువు

నేలకు ఆనకుండా తేలుతూ సాగే కవచ వాహనాలు రేపటి యుద్ధాల తీరునే మార్చేస్తాయని చెప్పేవారు, అటువంటి వాహనాన్ని ఒకసారి నిజంగానే యుద్ధంలోకి దించి చూశారన్న సంగతిని అంతగా ప్రస్తావించరు. బ్రిటిష్ ఎస్‌ఆర్.ఎన్5 నమూనా ఆధారంగా అమెరికాలోని బెల్ ఏరోసిస్టమ్స్ తయారుచేసిన ఎస్‌కే-5ను ఆ దేశ నౌకాదళం 1966లో వియత్నాంకు తీసుకువెళ్లింది. 1968 నుంచి 1970 వరకు సైన్యం కూడా మూడు వాహనాలతో దానిని అక్కడి మెకాంగ్ నది డెల్టాలో నడిపింది. ఆ అనుభవాన్ని బట్టి ఈ వాహనాన్ని తూచి చూడవచ్చు.

ఎసరు మరిగేటప్పుడు ఆవిరికి గిన్నె మూత లేచి అటూ ఇటూ జారుతుంది. హోవర్‌క్రాఫ్ట్ సూత్రమూ దాదాపు అదే. ఫ్యాను కిందికి నెట్టే గాలిని చుట్టూ వేలాడే రబ్బరు పూత బట్ట అంచు పట్టి ఉంచుతుంది, వాహనం ఆ గాలి మీద తేలుతుంది. బరువు అడుగుభాగమంతటా పరుచుకోవడం వల్ల నేలపై పడే ఒత్తిడి మనిషి పాదం మోపే ఒత్తిడి కంటే తక్కువగా ఉంటుంది. కోనసీమ వరిమళ్లను తలచుకుంటే దీని విలువ తెలుస్తుంది: ట్యాంకు దిగబడిపోయే చోట, పడవకు చాలినంత నీరు లేని చోట, ఇది గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగాన్ని అందుకోగలిగేది. రబ్బరు అంచుకు తూటా రంధ్రాలు పడినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే గాలి ఎలాగూ కింది నుంచి పోతూనే ఉంటుంది.

చిక్కంతా కవచం దగ్గరే వచ్చింది. పది మిల్లీమీటర్ల మందం గల ఉక్కు పలక చదరపు మీటరుకు సుమారు 78 కిలోలు తూగుతుంది. పన్నెండు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు ఉన్న ఈ వాహనం చుట్టూ ఒకటిన్నర మీటరు ఎత్తు వరకే ఆ పలకను బిగించినా బరువు నాలుగు టన్నులు దాటుతుంది. నిండా ఎక్కించిన వాహనం మొత్తం బరువే సుమారు పది టన్నులు. అంత బరువు మోయించినా ఆ పలక రాకెట్ గ్రెనేడును ఆపలేదు. అందుకే ఇంజను, ఇంధన ట్యాంకుల వంటి కీలక భాగాలకే గట్టి రక్షణ కల్పించారు. సిబ్బంది చుట్టూ ఉన్న కవచాన్ని బరువు తగ్గించడానికి తరచుగా విప్పేసేవారు. కవచ వాహనమని పేరు పెట్టి కవచాన్ని ఊడదీయాల్సి రావడం కంటే స్పష్టమైన తీర్పు ఇంకేముంటుంది!

నడపడమూ సులువు కాదు. నేలతో పట్టు లేనందువల్ల మలుపులో వాహనం పాచి పట్టిన గచ్చు మీద కాలు జారినట్టు పక్కకు పోతుంది. ఏటవాలు గట్టు ఎదురైతే ఎక్కలేదు. టర్బైన్ హోరు దూరం నుంచే రాకను చాటుతుంది కనుక మాటు వేసినవాడికి సిద్ధం కావడానికి వ్యవధి దొరుకుతుంది. ఒక్కో వాహనం ఖరీదు దాదాపు పది లక్షల డాలర్లు, మరమ్మతుల భారం వేరే. 1970లో మూడింటిలో రెండు ధ్వంసమయ్యాక సైన్యం వాటిని నడిపిన ప్లటూన్‌ను (చిన్న దళాన్ని) రద్దు చేసింది.

ఇంజన్లు, తేలికపాటి కవచ పదార్థాలు అప్పటికంటే మెరుగయ్యాయి, నిజమే. అయితే పై నుంచి చూసే డ్రోన్లు కూడా వచ్చాయి. లేచే దుమ్మునూ నీటి తుంపరనూ వాటి కంటికి కనబడకుండా దాచడం కష్టం. నా అంచనాలో ఈ వాహనం మార్చగలిగేది పోరాటాన్ని కాదు, కాపలాను. చిత్తడి నేల తన పక్కను కాపాడుతుందని నమ్మి అక్కడ బలగాన్ని తగ్గించే సేనాని ఇకపై ఆ వైపు కూడా మనుషులను పెట్టవలసి వస్తుంది. దాడి చేసే పక్షానికి ఆ మేరకు లాభమే, కాకపోతే తేలుతూ వచ్చినవారు గట్టి నేల చేరగానే దిగి పోరాడాలి.

అమెరికా నౌకాదళం ఎల్‌సీఏసీ హోవర్‌క్రాఫ్ట్‌ను వాడుకునే పద్ధతి దీనికి దగ్గరగా ఉంది. మామూలుగా 60 టన్నులు, అవసరమైతే 75 టన్నుల వరకు మోసే ఆ వాహనం ఒక అబ్రామ్స్ ట్యాంకును ఓడ నుంచి ఇసుక మీదికి చేర్చి, మరో దఫా సరకు కోసం ఓడ వైపు తిరిగి వెళుతుంది.