చైన్ పట్టుకునే పెద్దాయన: రేసీన్ రైడర్స్ ఆటలు ఏడేళ్లు చూశాక

ఏడేళ్లుగా ప్రతి వేసవిలో రేసీన్ రైడర్స్ ఆటలకి వెళ్తున్నాను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని రేసీన్ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అది. ఎన్ని గెలిచారంటే చెప్పలేను. నన్ను కట్టిపడేసింది వాళ్ల ఓపిక. ఆట తెలియనివాణ్ణి పక్కన నిలబెట్టుకుని విడమరిచి చెబుతారు. 1953లో మొదలైన జట్టు ఇది. ఆటగాళ్లకి జీతాల్లేవు, నడిపేది వాలంటీర్లు.

మొదటి ఏడాది నాన్న తెనాలి నుంచి వచ్చారు. మైదానం పేరు హార్లిక్ ఫీల్డ్. మనకి జ్వరమొస్తే అమ్మ కలిపిచ్చే హార్లిక్స్‌ది ఈ ఊరే, మైదానం ఆ విలియం హార్లిక్ పేరు మీదే అంటే నాన్న ఎంత సంబరపడ్డారో! ఆట మాత్రం ఆయనకి బొత్తిగా ఎక్కలేదు. రెండో క్వార్టర్‌లో ఉరిమింది. ఉరిమితే అరగంట ఆట ఆపాలి, మళ్లీ ఉరిమితే లెక్క మళ్లీ మొదటికి. అలా గంటన్నర గడిచింది.

వానకి అందరం ఒక చూరు కిందకి చేరాం. బంతి ఎంత ముందుకెళ్లిందో కొలిచే పది గజాల చైన్ పట్టుకునే పెద్దాయన కూడా తడిసి ముద్దయి మా పక్కకే వచ్చారు. నాన్నకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. పెద్దాయన బూటు కొనతో నేల మీద గీత గీసి, పాప్‌కార్న్ పేలాలు వరసగా పేర్చి, నాలుగు వేళ్లు చూపించారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటాలి, దాటితే మళ్లీ నాలుగు. నాన్న కుర్రతనంలో కబడ్డీ ఆడినవారు. "పట్టుకున్నా సరే, పడుతూ గీత అందుకోవాలి, అంతేగా!" అన్నారు. ఆట మొదలయ్యాక ప్రతి మూడో డౌన్‌కీ, అంటే మూడో ప్రయత్నానికి, లేచి నిలబడ్డారు. చైన్ దగ్గర్నుంచి పెద్దాయన వెనక్కి తిరిగి మా నాన్నకి వేళ్లు చూపిస్తూనే ఉన్నారు.

ఓపిక అన్నాను గానీ, అది ప్రతి శనివారం దొరుకుతుందని అనుకోవద్దు. వాళ్లకీ ఉద్యోగాలున్నాయి, జనం ఎక్కువొస్తే పలకరించే తీరికుండదు. ఆ రోజు వాన పడకపోతే మాకూ దొరికేది కాదేమో. దగ్గర్నుంచి చూడటం నాకిష్టం, కానీ ఢీకొన్న చప్పుళ్లకి మా చిన్నది మొదటిసారి ఏడ్చేసింది.

మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలే కాబట్టి మాకు సరిపోయింది. టీవీలో చూసే స్థాయి ఆట కోసం షికాగో నుంచి పనిగట్టుకుని వచ్చేవారికి ఏమనిపిస్తుందో చెప్పలేను. ఈ జులైలో నాన్న మళ్లీ వస్తున్నారు. ఇప్పుడు ఎక్కువసేపు కూర్చోలేరని మెత్తటి దిండొకటి కొని ఉంచాను.