జేసీఆర్ రివ్యూ: నంబర్ ఊరికే దొరుకుతుంది, డబ్బులు లోపలి పేజీకి

ముందే చెప్పేస్తా, నేను డాక్టర్ని కాదు. ఒక ప్రైవేట్ మెడికల్ కాలేజీలో లైబ్రేరియన్ని, పదకొండేళ్ళ నుంచి అదే కుర్చీ. పుస్తకం కోసం వచ్చేవాళ్ళు తగ్గిపోయారు గానీ "మేడం, ఈ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంతో కొంచెం చూసి చెప్తారా" అని వచ్చేవాళ్ళు రోజుకి ఇద్దరన్నా ఉంటారు, ప్రమోషన్ల టైమ్ అయితే క్యూనే. మా దగ్గర క్లారివేట్ అనే కంపెనీ వాళ్ళ జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్, ఏటా జర్నళ్ళకి ఈ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ నంబర్ వేసి ఇచ్చే డేటాబేస్, అందరూ జేసీఆర్ అంటారు కదా, అది రెండేళ్ళుగా ఉంది. ఈసారి రెన్యువల్ ఫైల్ మీద అకౌంట్స్ వాళ్ళు పెన్సిల్‌తో "ఇది అవసరమా?" అని రాసి వెనక్కి పంపారు. దానికి ఆఫీసు భాషలో నాలుగు లైన్లు రాసిచ్చా, మనసులో ఉన్నది మాత్రం ఇక్కడ రాస్తున్నా, కొనాలా వద్దా అని ఆలోచించే తోటి లైబ్రేరియన్లకీ, రోజూ ఆ నంబర్ చుట్టూ తిరిగే పీజీ పిల్లలకీ పనికొస్తుందని.

ఒక విషయం చాలామంది డాక్టర్లకి తెలీదు, చెప్తే నవ్వుతారు కూడా. సైటేషన్లు, అంటే ఒక పేపర్ని వేరే పేపర్లు రెఫరెన్స్‌గా ఎన్నిసార్లు చెప్పుకున్నాయో, అవి లెక్కపెట్టడం మొదలైంది డాక్టర్లకి మార్కులు వెయ్యడానికి కాదు, లైబ్రరీ ఏ జర్నల్ కొనాలో తేల్చుకోవడానికి. 1927లో అమెరికాలో పొమోనా కాలేజీకి చెందిన గ్రాస్ అండ్ గ్రాస్ అనే ఇద్దరు ఒక కెమిస్ట్రీ జర్నల్ ముందేసుకుని, అందులోని వ్యాసాల వెనక ఏయే జర్నళ్ళ పేర్లు ఎన్నిసార్లు వచ్చాయో కూర్చుని లెక్కపెట్టారు, చిన్న కాలేజీ, తక్కువ డబ్బులు, ఏది తెప్పించాలి అన్నదే వాళ్ళ బాధ. అచ్చం నా బాధే. తర్వాత ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ దీన్ని పెద్ద ఎత్తున చేశాడు, 1955లో సైన్స్ పత్రికలో ఆలోచన రాశాడు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు, 1970ల నడిమధ్య నుంచి జేసీఆర్ వస్తోంది. అంటే ఇది మా సామాను అండి. కూరగాయలు తూచుకోవడానికి మేం కొనుక్కున్న కాటా మీద ఇప్పుడు మనుషుల్ని ఎక్కించి బరువు చూస్తున్నారు, ఆపైన కాటా తప్పు అంటున్నారు.

సరే రివ్యూకి వద్దాం. లెక్క ఏంటంటే, 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కావాలంటే ఆ జర్నల్‌లో 2022, 2023లో వచ్చిన వాటికి 2024లో ఎన్ని సైటేషన్లు పడ్డాయో చూసి, ఆ రెండేళ్ళలో వేసిన ఆర్టికల్స్, రివ్యూల సంఖ్యతో భాగించడమే. 200 వేసి 300 సైటేషన్లు వస్తే 1.5. అంతే, ఇంటర్ కూడా అక్కర్లేదు, ఆరో తరగతి లెక్క. ఇది బయటికొచ్చింది 2025 జూన్‌లో, అందుకే ఎవరన్నా వచ్చి "ఈ సంవత్సరం ఇంపాక్ట్ ఫ్యాక్టర్" అంటే పుట్టని బిడ్డకి పేరు అడుగుతున్నారు అని చెప్తా. 2023 జూన్ రిలీజ్ నుంచి మూడు దశాంశాలు తీసేసి ఒక్కటే ఉంచారు, మంచి పని, అంతకుముందు 2.113 వాడు 2.109 వాడి మీద కాలరెగరేసేవాడు.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ ఒక్క నంబర్ కోసం అయితే ఎవరూ రూపాయి కట్టక్కర్లేదు, పేరున్న జర్నల్ అయితే దాని వెబ్‌సైట్ మొదటి పేజీలోనే గర్వంగా పెట్టుకుంటుంది. జర్నల్ అసలు వాళ్ళ లిస్టులో ఉందో లేదో చూడాలంటే అదే కంపెనీ మాస్టర్ జర్నల్ లిస్ట్ ఉంది, దానికీ డబ్బులక్కర్లేదు, ఐఎస్ఎస్ఎన్, అంటే జర్నల్ గుర్తింపు నంబర్, కొడితే చెప్పేస్తుంది. మరి దేనికి కట్టాలి అంటే, జర్నల్ పేరు మీద నొక్కితే తెరుచుకునే లోపలి పేజీకి. ఆ భాగహారంలో పైన ఎన్ని సైటేషన్లు, కింద భాగించే ఐటమ్స్ ఎన్ని, విడివిడిగా ఉంటాయి. సెల్ఫ్ సైటేషన్లు, అంటే తన జర్నల్‌ని తనే ఎన్నిసార్లు చెప్పుకుందో, అవి తీసేస్తే ఎంత మిగులుతుందో ఉంటుంది. 2018 నుంచి ఇంకోటి పెట్టారు, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, డిస్ట్రిబ్యూషన్ గ్రాఫ్. ఎన్ని పేపర్లకి సున్నా, ఎన్నింటికి ఒకటి, ఎన్నింటికి రెండు అని కడ్డీలు కడ్డీలుగా.

మొన్న ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడం వచ్చి ఫలానా జర్నల్ 5 దాటింది, అందులోనే వేస్తా అంటే ఆ గ్రాఫ్ తెరిచి చూపించా. ఎడమ పక్క సున్నా, ఒకటి, రెండు దగ్గర తాటిచెట్లంత కడ్డీలు, తర్వాత జారుకుంటూ పోయి కుడి పక్క చివర ఎక్కడో ఒంటరిగా ఒక్క పుల్ల. ఆ ఒక్క పేపరే జర్నల్ మొత్తాన్ని మోస్తోంది. మీడియన్, అంటే వరసలో నడిమధ్య ఉన్న పేపర్‌ది, చూస్తే 2. ఆవిడ కాసేపు స్క్రీన్ వంక చూసి "అంటే నా పేపర్ ఈ తాటిచెట్టులోకి వస్తుందన్నమాట" అంది. ఇది ఏదో ఒక్క జర్నల్ వింత కాదు, 1997లోనే నార్వే సైంటిస్ట్ పెర్ సెగ్లెన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు, ఎక్కువ సైటేషన్లు తెచ్చుకునే 15 శాతం పేపర్లకే మొత్తం సైటేషన్లలో సగం పోతాయని. సగటు తీస్తే మా వీధిలో ఒక కోటీశ్వరుడు అద్దెకి దిగితే అందరం లక్షాధికారులం అయిపోయినట్టు.

దీనికి పెద్ద ఉదాహరణ కావాలంటే ర్యాంకుల్లో పైన కూర్చునే క్యాన్సర్ జర్నల్ ఉంది చూడండి, సీఏ, అమెరికన్ క్యాన్సర్ సొసైటీది. 2023 నంబర్ 503.1. ఏంటి, మిగతా వాళ్ళకంటే అన్ని రెట్లు గొప్ప పరిశోధన చేస్తారా అంటే, కాదు. అది ఏడాదికి వేసేవే కొన్ని వ్యాసాలు, అందులో క్యాన్సర్ లెక్కల వ్యాసాలు ఉంటాయి, ఎంతమందికి వచ్చింది, ఎంతమంది పోయారు అని. గ్లోబోకాన్ 2020 అనే ప్రపంచ క్యాన్సర్ అంచనాలు వచ్చింది కూడా అందులోనే. మా సర్జరీ పీజీల థీసిస్ ఏది తెరిచినా ఇంట్రడక్షన్ మొదటి వాక్యం "ప్రపంచవ్యాప్తంగా ఇన్ని లక్షల మందికి" అనే ఉంటుంది, రెఫరెన్స్ నంబర్ 1 ఎవరో చెప్పక్కర్లేదు. ప్రపంచమంతా అలాగే రాస్తుంటే కింద భాగించే సంఖ్య చిన్నది, పైన సముద్రం, ఇంకేం కావాలి.

కోవిడ్ టైమ్ లెక్కలు కూడా జేసీఆర్‌లో ఏళ్ళవారీగా చూస్తే భలే ఉంటాయి. లాన్సెట్ మెడికల్ జర్నల్ 2020లో 79.3, 2021లో 202.7, 2022లో 168.9, 2023లో 98.4. న్యూ ఇంగ్లాండ్ జర్నల్ కూడా 176.1 దాకా ఎక్కి 96.2కి దిగింది. ఎడిటర్లు మారలేదు, క్వాలిటీ పడిపోలేదు. 2020లో వచ్చిన వుహాన్ పేపర్లూ అవీ లోకమంతా సైట్ చేసింది, 2023 లెక్కకొచ్చేసరికి రెండేళ్ళ కిటికీ 2021, 2022కి జరిగింది, 2020 బయట పడిపోయింది. ఇలా గ్రాఫ్ పెట్టి చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది, నంబర్ ఒక్కటే వాట్సాప్‌లో పంపితే "లాన్సెట్ పడిపోయింది" అని చర్చ పెడతారు.

ఆ రెండేళ్ళ కిటికీయే నాకు జేసీఆర్‌లో పెద్ద లోటు అనిపిస్తుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్‌తో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు కదా, బయోకెమిస్ట్రీ వాళ్ళు ఫిస్క్ సుబ్బారో మెథడ్ అని ఇప్పటికీ చెప్పుకునేది, సైటేషన్ల చరిత్రలోనే చాలా ఎక్కువసార్లు ఉదహరించిన పేపర్లలో అదొకటి. నూరేళ్ళు దాటింది. ఇవాళ ఎవరన్నా దాన్ని సైట్ చేస్తే ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లో పడేది గుండు సున్నా, ఎందుకంటే గడచిన రెండేళ్ళలో వచ్చింది కాదు కాబట్టి. జేసీఆర్ వాళ్ళు ఐదేళ్ళ ఫ్యాక్టర్ కూడా ఇస్తారు, సైటెడ్ హాఫ్ లైఫ్ అని ఇంకో కాలమ్ ఉంటుంది, అంటే ఈ ఏడు వచ్చిన సైటేషన్లలో సగం ఎన్నేళ్ళ లోపు పేపర్లకి పడ్డాయి అని. నేనైతే జర్నల్ బౌండ్ వాల్యూములు అటక మీద పడెయ్యాలా ర్యాక్‌లో ఉంచాలా అనేదానికి ఆ కాలమే చూస్తా, డాక్టర్లలో దాన్ని అడిగినవాళ్ళు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.

ఇంకో గొడవ కింద భాగించే సంఖ్యది. పైన లెక్కలో ఎడిటోరియల్స్‌కి, లెటర్స్‌కి వచ్చిన సైటేషన్లు కూడా కలుస్తాయి, కింద మాత్రం వాటిని లెక్కపెట్టరు. అంటే లెటర్లు, ఎడిటోరియళ్ళు దండిగా వేసే పెద్ద జర్నళ్ళకి ఫ్రీ మార్కులు. మరి ఏది ఆర్టికల్, ఏది కాదు అని తేల్చేదెవరు? 2006లో పీఎల్ఓఎస్ మెడిసిన్ అనే జర్నల్ ఎడిటర్లు బాహాటంగానే రాసేశారు, ఏ రకం వ్యాసాల్ని కింద కలుపుతారో దాన్నిబట్టి తమ నంబర్ 3 లోపు నుంచి 11 దాకా ఎక్కడైనా ఉండొచ్చని. అదే జర్నల్, అవే పేపర్లు.

మా ఫోరెన్సిక్ హెచ్ఓడీ సార్‌కి వేరే బాధ. "ఆంకాలజీ వాళ్ళకి ఇరవైలు ముప్పైలు, మాకేమో ఒకటిన్నరకే పండగా అమ్మా" అని ప్రతి మీటింగ్ తర్వాతా వచ్చి కూర్చుంటారు. నిజమే, ఫోరెన్సిక్‌లో రాసేవాళ్ళు తక్కువ, కాబట్టి సైట్ చేసేవాళ్ళూ తక్కువ. ఆయనకి 2021లో కొత్తగా పెట్టిన జర్నల్ సైటేషన్ ఇండికేటర్ చూపించా, అది సబ్జెక్టుని బట్టి సరిచేసిన లెక్క, 1 అంటే ఆ ఫీల్డ్‌లో ప్రపంచ సగటు. ఆయన వేసిన జర్నల్ ఒకటి పైనే ఉంది. సార్ ప్రింటవుట్ తీయించుకుని, ప్రింటర్ ఇంక్ అయిపోతే రెండోసారి కూడా తీయించుకుని వెళ్ళారు.

ఇక డబ్బులు లేనివాళ్ళ సంగతి. సైమాగో జర్నల్ ర్యాంక్ ఉంది, స్పెయిన్ వాళ్ళది, ఎల్సెవియర్ అనే పబ్లిషింగ్ కంపెనీ డేటాబేస్ స్కోపస్ ఉంది కదా, దాని డేటా మీద నడుస్తుంది, లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, మొత్తం లిస్ట్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, దేశం ఇండియా అని పెట్టి మన జర్నల్స్ ఒక్కటే చూసుకోవచ్చు. ఇందులో గొప్ప ఏంటంటే ఎవరు సైట్ చేశారు అన్నది కూడా తూకంలో వేస్తుంది, పెద్ద జర్నల్ పేరు చెప్తే ఎక్కువ బరువు, ఊరూపేరూ లేనిది చెప్తే తక్కువ, గూగుల్ పేజీలకి ర్యాంకులిచ్చే పద్ధతి లాంటిది. తన గురించి తాను చెప్పుకునేదానికి మూడోవంతు దగ్గర కత్తెర. మా వాళ్ళు అడిగే పదిలో తొమ్మిది ప్రశ్నలకి ఇది చాలు. క్యూ1, క్యూ2 అనేవాటితోనే జాగ్రత్త, అంటే ఒక కేటగిరీ ర్యాంకుల్లో పై పాతిక శాతం క్యూ1, తర్వాతి పాతిక క్యూ2, ఒకే జర్నల్ ఒక కేటగిరీలో క్యూ1, ఇంకోదాంట్లో క్యూ3 ఉంటుంది, సీవీలో మాత్రం అందరికీ క్యూ1యే కనిపిస్తుంది. ఒక్కో జర్నల్ పేజీ కింద కామెంట్లు చదవండి టైమ్ పాస్‌కి, ప్రపంచం నలుమూలల నుంచి జనం "సార్ నా పేపర్ పబ్లిష్ చెయ్యండి" అని పెడుతుంటారు, పాపం సైమాగో వాళ్ళు ఓపిగ్గా మేం జర్నల్ కాదండి అని జవాబిస్తుంటారు.

ఎల్సెవియర్ వాళ్ళ సైట్‌స్కోర్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లాంటి లెక్కే, 2016 చివర్లో వచ్చింది, అదీ ఫ్రీయే, ఇప్పుడు నాలుగేళ్ళ కిటికీ. మొదట్లో ఎడిటోరియళ్ళు కూడా కింద లెక్కలో కలిపేసరికి లాన్సెట్ లాంటివి దభీమని కిందికొచ్చాయి, 2020లో పద్ధతి మార్చారు. గూగుల్ స్కాలర్ వాళ్ళ హెచ్5 ఇండెక్స్ అని ఇలాంటి ఇంకో కొలత కూడా ఉంది, నేనెక్కువ వాడను.

నాకు కడుపు మండేది మాత్రం వేరే. పోయిన ఏడు ఒక పీజీ కుర్రాడు సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు, గోల్డ్ కలర్ సీల్, మధ్యలో ఇంత లావు అక్షరాల్లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 6.9. ఆరు వేలు కట్టాడట, పేపర్ పంపిన నాలుగో రోజే యాక్సెప్ట్ అయిందట. ఐఎస్ఎస్ఎన్ కొట్టి చూస్తే మాస్టర్ లిస్ట్‌లో లేదు, స్కోపస్‌లో లేదు, పబ్‌మెడ్‌లో లేదు. ఆ 6.9 ఇచ్చింది ఎవరో చూస్తే ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు అమ్మే దుకాణం, పేరు వినడానికి అసలు దానిలాగే ఉంటుంది. "అయినా మేడం, సీల్ ఉంది కదా" అన్నాడు. ఏం చెప్తాం. ఇంకో తమాషా ఏంటంటే, మెడికల్ కాలేజీలకి రూల్స్ పెట్టే ఎన్ఎంసీ 2022 టీచర్ల అర్హత రూల్స్‌లో పబ్లికేషన్ మెడ్‌లైన్, స్కోపస్ లాంటి ఫలానా ఇండెక్సుల్లో ఉండాలని అడిగారే గానీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇంత ఉండాలని అడగలేదు. అడగని దానికి ఆరు వేలు పోశాడు పిల్లాడు.

నిజమైన లిస్టులో ఉన్నా అది పర్మనెంట్ కాదని కూడా గుర్తుపెట్టుకోండి, 2023లో క్లారివేట్ ఒక పెద్ద పబ్లిక్ హెల్త్ జర్నల్‌నే, ఐజేఈఆర్‌పీహెచ్, లిస్ట్ నుంచి తీసేసింది, వేల మంది పేపర్లు ఉన్నాయి అందులో. అందుకే పంపే రోజు ఒకసారి, యాక్సెప్ట్ అయిన రోజు ఒకసారి చూడమంటా.

స్టార్లు ఇవ్వాలంటే లైబ్రరీకి సరుకు కొనే కాటాగా జేసీఆర్‌కి నాలుగు, సెల్ఫ్ సైటేషన్ గ్రాఫ్‌కీ డిస్ట్రిబ్యూషన్ గ్రాఫ్‌కీ కలిపి అర ఎక్కువే ఇస్తా. మనుషులకి మార్కులు వేసే యంత్రంగా అయితే ఒకటి, అది దాని తప్పు కాదనుకోండి. వంద సీట్ల కాలేజీ అయితే, పరిశోధన అంతంతమాత్రం అయితే, సైమాగో ప్లస్ మాస్టర్ లిస్ట్‌తో బండి లాగించెయ్యండి. పీహెచ్‌డీలు నడుపుతూ, జర్నళ్ళు సొంతంగా కొనే చోటైతే జేసీఆర్ తీసుకోండి, ధర కొటేషన్ మీదే కాబట్టి పక్క కాలేజీ లైబ్రేరియన్‌కి ఓ ఫోన్ కొట్టి వాళ్ళెంత కట్టారో కనుక్కున్నాకే సంతకం పెట్టండి, రెన్యువల్ డేట్ జూన్ రిలీజ్‌ని కవర్ చేసేలా పెట్టించుకోండి.

మా ఫైల్ ఇంకా పైనే ఉంది. ఈలోపు యాక్సెస్ క్యాంపస్ ఐపీ మీద నడుస్తుంది కాబట్టి, సాయంత్రం లైబ్రరీ మూశాక కూడా ఇద్దరు ముగ్గురు పీజీలు వైఫై అందే దాకా వచ్చి బయట మెట్ల మీద ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటున్నారు, నిన్న చూస్తే అందులో గోల్డ్ సీల్ కుర్రాడు కూడా ఉన్నాడు, పక్కవాడికి డిస్ట్రిబ్యూషన్ గ్రాఫ్ ఎక్కడ నొక్కాలో చూపిస్తున్నాడు.