ఒక్క లైన్ స్క్రిప్ట్‌తో వెబ్‌సైట్ యాక్సెసిబుల్ అయిపోతుందంటే డబ్బు కట్టకండి

"మేమిచ్చే స్క్రిప్ట్ ఒక్క లైన్ పెట్టుకోండి చాలు, డబ్ల్యూసీఏజీ 2.2 డబుల్ ఎ వచ్చేస్తుంది, సర్టిఫికెట్ కూడా ఇస్తాం" అని అమ్మేవాళ్లతో జాగ్రత్త. డబ్ల్యూసీఏజీ అంటే, చూపు, వినికిడి, కదలికల ఇబ్బందులున్నవాళ్లు కూడా సైట్ వాడుకోగలిగేలా (అదే యాక్సెసిబుల్‌గా) ఉండటానికి రాసిన ప్రమాణాలు; డబుల్ ఎ అందులో మధ్య స్థాయి. వాటిని రాసేది వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ. అది ఏ సైట్‌కూ సర్టిఫికెట్ ఇవ్వదు. మీ చేతికొచ్చేది అమ్మినవాడు సొంతంగా ప్రింట్ చేసుకున్న కాగితమే. ఇలాంటి ప్రచారం చేసిన ఒక కంపెనీ చేత 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 10 లక్షల డాలర్లు కట్టించింది.

స్క్రిప్ట్ పెట్టాక పేజీ మూలన మనిషి బొమ్మ ఒకటి వస్తుంది. నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు మారతాయి. ఇవన్నీ బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ ఎప్పటినుంచో ఉన్నవే. అవసరమున్నవాళ్లు ఎప్పుడో పెట్టేసుకుని ఉంటారు. చూపు లేనివాళ్లు వాడే ఎన్‌వీడీఏ, జాస్, టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ల (తెరమీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ల) పనికి ఈ విడ్జెట్టే అడ్డం పడటమూ ఉంది.

అసలు లోపం కోడ్‌లో ఉంటుంది. "కొనండి" బటన్‌ను ఉత్త డివ్‌తో (బటన్ అని చెప్పని ఖాళీ పెట్టె లాంటి కోడ్‌తో) కట్టారనుకోండి. మౌస్‌తో పనిచేస్తుంది, ట్యాబ్ కీ మాత్రం దాని మీద ఆగదు. స్క్రీన్ రీడర్ "కొనండి" అని చదివి ఊరుకుంటుంది, అది బటన్ అని చెప్పదు. స్క్రిప్ట్ ఊహించి దానికి బటన్ అని పేరు తగిలించినా, ఎంటర్, స్పేస్ కీలు పనిచేయకపోతే ఆ పేరు అబద్ధమే. బొమ్మల సంగతీ అంతే. బిల్లు డౌన్‌లోడ్ చేసుకునే లింకు మీదున్న బొమ్మకు, స్క్రీన్ రీడర్ చదివే వివరణగా "చేతిలో కాగితం" అని ఏఐ రాసిపెడితే ఎవరికి ఉపయోగం?

కొనేముందు ఆ కంపెనీ పాత కస్టమర్ సైట్ ఒకటి తెరవండి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, ఎంటర్‌లతోనే ఆర్డర్ చివరిదాకా వెళ్లి చూడండి. ఎక్కడున్నామో తెరమీద కనబడుతుండాలి, పాపప్ ఎస్కేప్‌తో మూసుకోవాలి. తర్వాత విండో వెడల్పు 1280 పిక్సెళ్లు పెట్టి 400 శాతం జూమ్ చేయండి. చదవడానికి పక్కకు జరపాల్సి వస్తే అది ఫెయిల్. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి. డిజైనర్లకు ముద్దొచ్చే #777777 బూడిద రంగు తెల్లటి మీద 4.48 దగ్గర ఆగిపోతుంది, #767676 గట్టెక్కుతుంది.

హోమ్ పేజీ ఒక్కటి పాసైందని చూపిస్తే ఒప్పుకోకండి. కొనుగోలు అనేక పేజీల్లో జరుగుతుంటే, ఆ పేజీలన్నీ పాసైతేనే లెక్క. రిపోర్టులో ఒక్కో నియమం నంబరు, పరీక్షించిన పేజీ, వాడిన స్క్రీన్ రీడర్ పేరు ఉండాలి. డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం చేశామంటూనే 4.1.1 నియమం పాస్ అని రాస్తే నిలదీయండి. ఆ నియమాన్ని 2.2లో తీసేశారు, పాత ఫారమే దించేసి ఉంటారు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ముందు ఆటో రెన్యువల్ ఆపండి. తర్వాత ఆ స్క్రిప్ట్‌ను బ్లాక్ చేసి పై పరీక్షలన్నీ మళ్లీ చేయండి. అప్పుడు బయటపడేవే మీ డెవలపర్ సరిచేయాల్సిన తప్పులు. చెకౌట్ ఫారంతో మొదలుపెట్టమనండి.