‘600 జీఎస్ఎం’ అని రాసుంటే నమ్మేయకండి: కారు లోపల తుడిచే మైక్రోఫైబర్ గుడ్డలతో జాగ్రత్త

కొత్తగా కారు కొన్నవాళ్ళూ, కొనబోతున్నవాళ్ళూ ఇది ఒక్కసారి చదవండి. 499 రూపాయల గుడ్డల ప్యాక్ మాకు 11 వేల రూపాయల ఖర్చు తెచ్చిపెట్టింది. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

దసరాకి కారు తీసుకున్నాం. నాన్న ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యారు. ఇంటికి సొంత కారు రావడం ఇదే మొదలు. లోపల లేత గోధుమరంగు సీట్లు. గేరు చుట్టూ, స్క్రీన్ చుట్టూ అద్దంలా మెరిసే నల్ల ప్లాస్టిక్. షోరూములో దాన్ని పియానో బ్లాక్ అన్నారు. చూడ్డానికి ఎంత బావుంటుందో, గీతలు అంత తొందరగా పడతాయి. మా విజయవాడ దుమ్ము సంగతి తెలిసిందే, రాత్రి తుడిచి పెడితే తెల్లారేసరికి వేలితో పేరు రాసుకోవచ్చు.

అందుకని ఆన్‌లైన్‌లో ఒక ప్యాక్ తెప్పించాను. ఎరుపు, బూడిద రంగుల్లో 12 గుడ్డలు, 40×40 సెంటీమీటర్లు, 600 జీఎస్ఎం (గుడ్డ ఎంత మందమో చెప్పే అంకె), ‘గీతలు పడవు’ అని పెద్ద అక్షరాలు. లెక్కేస్తే ఒక్కోటి 42 రూపాయలు కూడా పడలేదు. 600 జీఎస్ఎం గుడ్డ ఆ ధరకి ఎలా వస్తుందని నేను అక్కడే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

నాలుగు వారాలు రోజూ ఆ గుడ్డతోనే తుడిచాను. ఒకరోజు పొద్దున్న ప్రకాశం బ్యారేజీ మీద వెళ్తుంటే పక్క అద్దంలోంచి ఎండ ఏటవాలుగా గేరు పలక మీద పడింది. నల్లటి నున్నటి పలక మీద సాలెగూడు పరిచినట్టు సన్నటి గీతలు, నా చెయ్యి తిరిగిన దారినే తిరుగుతూ ఉన్నాయి. వాటి మధ్య రెండు లోతైన గీతలు, గోరు పెడితే తగులుతున్నాయి. పక్కన కూర్చున్న నాన్న వాటి మీద వేలు పెట్టి ఒకసారి రాసి చూశారు. ఏమీ అనలేదు. ఆయన బస్సు నడిపినన్నాళ్ళూ సీటు కింద పసుపు గుడ్డ మడిచి పెట్టుకుని, అద్దం మీద మచ్చ కూడా ఉండనిచ్చేవారు కాదు. అందుకే ఆ మౌనం నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

సర్వీస్ సెంటర్‌లో అడిగితే సన్నగీతలు పాలిష్‌తో తగ్గుతాయిగానీ లోతువి పోవన్నారు. పలక మొత్తం మార్చాలంటే, బిగింపుతో కలిపి 11 వేలు.

తర్వాత ఆటోనగర్‌లో కార్లకి పాలిష్ పట్టే కుర్రాడొకడి దగ్గరికి వెళ్ళాను. గుడ్డ చేతిలోకి తీసుకోగానే మధ్యభాగం చూడనే లేదు, అంచు తీసుకుని నా చెంప మీద రాశాడు. “అన్నా, ఇది గుచ్చుకోవట్లా?” అన్నాడు. నిజంగానే గుచ్చుకుంది. మధ్యలో దూదిలా మెత్తగా ఉంది, అంచు చుట్టూ ఓవర్‌లాక్ కుట్టిన నైలాన్ దారం మాత్రం గాలం తీగలా గట్టిగా ఉంది. మూలకి కుట్టిన లేబుల్ బిరుసుగా ఉంది. లోతైన గీతలు ఆ రెండింటి వల్లేనని వాడు చెప్పాడు. సన్నవాటికి మాత్రం తప్పు నాది కూడా. దుమ్ము దులపకుండా పొడి గుడ్డతో నొక్కి రుద్దాను. అలా చేస్తే ఎంత మంచి గుడ్డైనా దుమ్ములోని ఇసుక రేణువుల్ని పలక మీద ఈడుస్తుంది. ముందు మెత్తటి బ్రష్‌తోనో, వ్యాక్యూమ్‌తోనో దుమ్ము తీసేసి, ఆ తర్వాత కొద్దిగా తడిపిన గుడ్డతో బరువు వెయ్యకుండా తుడవాలి.

ఇంటికొచ్చాక వంటింటి తూకం మీద పెట్టి చూశాను. దయచేసి మీరూ ఇది చెయ్యండి, రెండు నిమిషాల పని. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువు అని, అంతే. 40 సెంటీమీటర్ల చదరపు గుడ్డ వైశాల్యం 0.16 చదరపు మీటరు. 600 జీఎస్ఎం నిజమైతే అది 96 గ్రాములు తూగాలి. నా గుడ్డ 36 గ్రాములు తూగింది! టేపు పెట్టి కొలిస్తే 40 కూడా లేదు, 38 సెంటీమీటర్లే. గ్రాముల్ని వైశాల్యంతో భాగిస్తే సుమారు 250 జీఎస్ఎం. మిగతా పదకొండు కూడా వరసగా తూచాను, అన్నీ అటూఇటూ అంతే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 250 జీఎస్ఎం గుడ్డ చెడ్డదేం కాదు. కారు లోపలికి 250 నుంచి 350 దాకా ఉన్న పొట్టి పోగుల గుడ్డే వాటంగా ఉంటుంది, ఏసీ వెంట్ల సందుల్లోకీ బటన్ల చుట్టూ వేలితో పాటు వెళ్తుంది. 500 పైన ఉండే మందపాటివి బయట బాడీ మీద నీళ్ళు తుడవడానికి. అద్దాలకైతే గళ్ళగళ్ళుగా నేసిన వాఫుల్ రకం మంచిది, నూగు వదలదు. కాబట్టి ఎక్కువ అంకె చూసి మోజుపడక్కర్లేదు. అంకె దగ్గరే అబద్ధం చెప్పినవాడు పోగు దగ్గర నిజం చెప్తాడని నేనైతే నమ్మను.

పోగు సంగతే అసలైనది. మైక్రోఫైబర్ అంటే పాలిస్టర్, పాలిమైడ్ కలిపి తీసిన సన్నటి పోగు. మామూలుగా 80–20 గానీ 70–30 గానీ పాళ్ళలో కలుపుతారు. పాలిమైడ్ అంటే నైలాన్ జాతిదే. మంచి గుడ్డలో ఒక్కో పోగుని బత్తాయి తొనల్లా చీలుస్తారు. ఆ తొనల సందుల్లోకే దుమ్మూ తడీ వెళ్ళి కూర్చుంటాయి. చీల్చని పోగు గుండ్రంగా ఉండిపోతుంది, దుమ్ముని పట్టుకోదు, పక్కకి నెడుతుంది. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి, అదే ప్రమాదం. తేడా తెలియాలంటే గుడ్డని ఒకసారి ఉతికి ఆరేశాక వంటింటి గట్టు మీద రెండు చెంచాల నీళ్ళు పోసి, గుడ్డని నెమ్మదిగా మీదుగా లాగండి. మంచిదైతే ఆ దారంతా పొడిగా అవుతుంది. నా గుడ్డ నీళ్ళని ముందుకి తోసుకుంటూ గట్టు చివరిదాకా తీసుకెళ్ళింది. ఇంకోటి, పనికిరాని పాత సీడీ ఉంటే దాని మెరిసే వైపు గుడ్డతో, అంచుతో వేరువేరుగా గట్టిగా రుద్ది లైటు కింద చూడండి. సీడీ మీద పడిన గీత రేపు మీ డ్యాష్‌బోర్డు మీద పడుతుంది.

రంగు గురించి కూడా చెప్పాలి. ఎరుపు గుడ్డ తడిపి డ్రైవరు సీటు తుడిస్తే గులాబీ రంగు చార పడింది. మాది లెదరెట్ సీటు, అంటే తోలులా కనిపించే కృత్రిమ రకం. రంగు ఒకసారి అందులోకి ఇంకితే వదిలించడం చాలా కష్టం, ఇప్పటికీ నీడలా కనపడుతూనే ఉంది. కొత్త గుడ్డని తడిపి తెల్ల బనియన్‌లో చుట్టి గట్టిగా పిండితే రంగు దిగేది అక్కడే తెలిసిపోతుంది. లేత రంగు సీట్లున్నవాళ్ళు ముదురు రంగుల గుడ్డల జోలికే పోకండి.

ఇప్పుడు కొనేటప్పుడు నేను అంచు కుట్టులేని గుడ్డలే తీసుకుంటున్నాను, ఎడ్జ్‌లెస్ అని అడిగితే ఇస్తారు. లేబుల్ ఉంటే ముందే కత్తిరించేస్తున్నాను. ఒక్కో గుడ్డ 100 దాటింది, మూడే కొన్నాను. నాలుగు మడతలు వేస్తే ఒక్క గుడ్డకి ఎనిమిది శుభ్రమైన ముఖాలు వస్తాయి, మూడు చాలు. స్క్రీన్‌కి ఒకటి విడిగా ఉంచాను. దానికి అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడకండి, పై పూత దెబ్బతింటుంది. స్ప్రే నేరుగా స్క్రీన్ మీద కొట్టకండి, గుడ్డ మీద కొట్టుకోండి. ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి వద్దు, పోగుల మధ్య సందుల్లో పూతలా పేరుకుని గుడ్డ పీల్చడం మానేస్తుంది. వేడినీళ్ళు, బ్లీచింగ్ వద్దు. కాటన్ బట్టలతో కలిపి మెషిన్లో వెయ్యకండి, వాటి నూగంతా దీనికే అంటుకుంటుంది. నేల మీద పడ్డ గుడ్డని ఉతక్కుండా మళ్ళీ నల్ల పలక మీద పెట్టొద్దు.

అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే “వాడిన వస్తువు వాపసు తీసుకోం” అన్నారు. కవర్ తిరగేసి చూస్తే తయారీదారు పేరు లేదు, చిరునామా లేదు, ఫిర్యాదుకి నంబరూ లేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ఇవన్నీ ప్యాక్ మీద ఉండి తీరాలి. కవర్ ఫోటోలు, తూకం మీద గుడ్డ ఫోటో, ప్రకటన స్క్రీన్‌షాట్ పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 499 వెనక్కి వచ్చాయి. పలక ఖర్చు మాత్రం మాదే. అందుకే ప్యాక్ విప్పేటప్పుడు వీడియో తీసి, ఆ రోజే తూచండి. వాడకముందే బయటపడితే వాదించడం తేలిక.

ఇలాంటి ప్యాక్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళు పారెయ్యక్కర్లేదు. టైర్లకి, చక్రాల రిమ్ముల లోపలి వైపుకి, డోరు అడుగు అంచులకి వాడుకోవచ్చు. ఆ గుడ్డల మూల మార్కర్‌తో పెద్ద గుర్తు పెట్టి డిక్కీలో విడిగా ఉంచండి, కారు కడిగే అబ్బాయి పొరపాటున లోపలికి తేకుండా.