ఆకు బొమ్మ చూసి చెత్త కవర్లు కొనకండి

తడి చెత్త కోసం 'బయోడీగ్రేడబుల్', 'కంపోస్టబుల్' అని రాసి ఉన్న డస్ట్‌బిన్ కవర్లు ఆన్‌లైన్లో కొనబోతున్నారా? కాస్త ఆగండి. మామూలు కవర్ల కంటే బాగా ఎక్కువ ధర పెట్టి నేను తెప్పించిన రోల్స్ అసలు కుళ్లే రకమే కాదు. డబ్బు పోతే పోయింది, మిద్దె తోట ఎరువు పాడైందన్నదే నా బాధ.

మా ఇంట్లో కూరగాయల తొక్కలు, వాడేసిన టీ పొడి మిద్దె మీద కుండలో వేసి ఎరువు చేస్తాం. 'కవరుతో సహా వేసేయండి, మట్టిలో కలిసిపోతుంది' అని అమ్మినవాళ్లే తమ పేజీలో రాసుకున్నారు. తీరా ఎరువు జల్లెడ పడితే అరటి తొక్కలు, ఉల్లి పొట్టు అంతా నల్లటి మట్టిగా మారింది గానీ, కవరు మాత్రం గోరంత ఆకుపచ్చ ముక్కలై జల్లెడలో మిగిలింది. వేళ్ల మధ్య నలిపితే ఇంకా సన్నగా చీలుతున్నాయి తప్ప కరగడం లేదు. మరీ చిన్నవి అప్పటికే జల్లెడ దాటి ఎరువులో కలిసిపోయాయి. వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు. ఆ ఎరువు ఆకుకూరల మళ్లలో వేయడానికి నాకు చేతులు రాలేదు.

మామూలు పాలిథిన్‌లోనే కొన్ని రసాయనాలు కలిపితే అది ఎండకు, గాలికి పెళుసుబారి ముక్కలవుతుంది. దీన్ని ఆక్సో-డీగ్రేడబుల్ అంటారు. ప్లాస్టిక్ ఎక్కడికీ పోదు, చిన్నదవుతుందంతే. ఐరోపా సమాఖ్య ఈ రకాన్ని 2021 జులై నుంచి నిషేధించింది. నాకొచ్చిన కవర్లు చేసింది కూడా అచ్చం ఇదే.

మన దేశంలో కంపోస్టబుల్ అని అమ్మాలంటే ఐఎస్ 17088 ప్రమాణానికి సరిపోవాలి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. నేను కొన్న పేజీలో సర్టిఫికెట్ ఫొటో ఉంది. పెద్దది చేసి చూస్తే అందులో ఉన్నది వేరే కంపెనీ పేరు! ఇంటికొచ్చిన ప్యాకెట్ మీద సర్టిఫికెట్ నంబరూ లేదు, తయారీదారు చిరునామా లేదు. ఆకు బొమ్మ, '100% ఎకో ఫ్రెండ్లీ' అన్న ముక్క, అంతే. కాబట్టి ప్యాకెట్ మీది నంబరు, కంపెనీ పేరు మండలి వెబ్‌సైట్‌లోని జాబితాతో సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.

అసలైన కంపోస్టబుల్ కవరైనా ఇంటి కుండలో వేయొద్దు. ఆ ప్రమాణం పరీక్ష దాదాపు 58 డిగ్రీల వేడిలో జరుగుతుంది, గడువు 180 రోజుల వరకూ ఉంటుంది. మన కుండలో అన్నాళ్లు అంత వేడి నిలవదు. ఆఫర్ ఉంది కదా అని ఏడాదికి సరిపడా కొని పెట్టుకోవడమూ దండగే, వేడికి, తేమకు అవి అల్మారాలోనే బలహీనపడి చిరుగుతాయి. పొడి చెత్తలోనూ వేయకండి, రీసైకిల్ అయ్యే పాలిథిన్‌లో కలిస్తే దాన్నీ పాడు చేస్తాయి.

రిటర్న్ గడువు దాటిందని అమ్మినవాళ్లు చేతులు దులుపుకున్నారు. నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెట్టాను. పర్యావరణం పేరుతో తప్పుడు ప్రచారం చేయకుండా 2024 అక్టోబరులో కేంద్రం మార్గదర్శకాలు కూడా తెచ్చింది. మీరూ మోసపోయి ఉంటే ప్యాకెట్ ఫొటో, బిల్లు, ఆ పేజీ స్క్రీన్‌షాట్ జాగ్రత్త చేసుకుని ఫోన్ చేయండి.

నిజానికి తడి చెత్తకు కవరే అక్కర్లేదు. బుట్ట అడుగున రెండు పొరల న్యూస్‌పేపర్ పరిస్తే చాలు. కవరులో కట్టి ఇస్తే చెత్త ఆటో అతను దాన్ని చేత్తో చింపి వేరు చేయాల్సి వస్తుంది, ఆ పని ఎంత కష్టమో చూస్తూనే ఉన్నాం. పొడి చెత్తకు పాత బియ్యం సంచి బాగా సరిపోతుంది. ఇప్పటికే ఇలాంటి రోల్స్ కొని ఉంటే పేపర్లో చుట్టిన డైపర్లు, ప్యాడ్లు విడిగా ఇవ్వడానికి వాడేయండి. ఎరువు కుండ దాకా మాత్రం రానివ్వకండి.