తెవికీలో పన్నెండేళ్లు: మూలాల నియమం, ప్రయోజన వైరుధ్య నియమం వాడిన అనుభవం

తెలుగు వికీపీడియాలో నేను రాయడం మొదలుపెట్టి పన్నెండేళ్లు దాటింది. ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువగా పని పడింది రెండు నియమాలతో. రాసిన విషయానికి ప్రచురితమైన ఆధారం చూపాలన్నది ఒకటి. తనకు గానీ, తనవారికి గానీ, తనకు జీతమిచ్చేవారికి గానీ సంబంధించిన విషయం మీద రాసేటప్పుడు ఆ సంబంధాన్ని బయటపెట్టాలని, వీలైనంతవరకు వ్యాసాన్ని తానే మార్చకుండా దానికి జతగా ఉండే చర్చా పేజీలో ఇతరులను అడగాలని చెప్పేది రెండోది. నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదటి నియమం తెలుగులో పాటించడం చాలా కష్టం, అయినా దాన్ని సడలించకూడదు. రెండోది న్యాయమైనదే గానీ, అది నడవడానికి కావలసినంతమంది మన దగ్గర లేరు.

నేను రాసిన తొలి వ్యాసం మా అమ్మగారి తండ్రి గురించి. ఆయన పౌరాణిక నాటక సమాజాలలో హార్మోనిస్టు. పద్యనాటకాలు తెల్లవార్లూ ఆడిన రోజుల్లో మా ప్రాంతంలో ఆయనను ఎరగనివారు లేరు. అమ్మ, పెద్దమ్మ చెప్పినవన్నీ గుదిగుచ్చి ఒక పెద్ద వ్యాసం రాశాను. దానికి ఒక్క మూలమూ లేదు. వారం తిరగకుండానే తొలగింపు ప్రతిపాదన వచ్చింది, తర్వాత వ్యాసం పోయింది. నాకు చాలా బాధ కలిగింది. ఒక నిర్వాహకుడు నా చర్చా పేజీలో "మీ తాతగారు గొప్పవారు కారని ఎవరూ అనడం లేదండీ, ఆ మాట మీ ఇంటివారు కాని మరొకరు ఎక్కడైనా రాశారా అని మాత్రమే అడుగుతున్నాం" అని ఓపికగా రాశారు. రెండు నియమాల సారమూ ఆ ఒక్క వాక్యంలోనే ఉందని నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

తెలుగు రచయితల, కవుల వ్యాసాల దగ్గర ఈ నియమాలు ఎంత అవసరమో నాకు బాగా తెలిసివచ్చింది. మన దగ్గర సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం మామూలు విషయం. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ పుస్తకానికి మిత్రుడు రాసిన ముందుమాట, శిష్యులు వేసిన అభినందన సంచిక, సన్మాన సభ నిర్వహించిన సంస్థే ఇచ్చిన పత్రికా ప్రకటన, ఈ మూడూ వ్యాసం చివర మూలాలుగా వరుసకట్టి కనిపిస్తాయి. చూడడానికి మూలాలు నిండుగానే ఉంటాయి, కానీ వాటిలో స్వతంత్రమైనది ఒక్కటీ ఉండదు. అభినందన సంచికలో పుట్టిన ఊరు, చదువు, పుస్తకాల పట్టిక వంటివి తీసుకోవచ్చు. 'యుగకర్త' అన్న మాటను మాత్రం అందులోనుంచి తీసుకోకూడదు. ఈ తేడాను కొత్తవారికి చెప్పడానికి నేను వెచ్చించినంత సమయం మరే పనికీ వెచ్చించలేదు. కుల సంఘాలు వేసిన చరిత్ర పుస్తకాలదీ ఇదే పరిస్థితి. ఆంగ్ల వికీపీడియాలో కులాల వ్యాసాలకు బ్రిటిష్ పాలనాకాలపు గ్రంథాలను, దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన థర్‌స్టన్ గ్రంథంతో సహా, నమ్మదగిన ఆధారాలుగా పరిగణించడం లేదు. మనమూ అంత కచ్చితంగా ఉండాలన్నదే నా మాట.

చూపిన మూలమే వికీపీడియా నుంచి పుట్టినదైతే అది మరింత ప్రమాదం. ఒక గ్రామ వ్యాసంలో ఊరి పేరు వెనుక కథకు ఒక దినపత్రిక ఆదివారం వ్యాసాన్ని ఆధారంగా ఇచ్చారు. అంతా సరిగ్గానే ఉందనిపించింది. కానీ వాక్యాలు మరీ ఒకేలా ఉండడంతో, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే పేజీ చరితం తీసి చూశాను. ఆ కథను ఒక అజ్ఞాత వాడుకరి ఏ ఆధారమూ లేకుండా చేర్చిన మూడేళ్లకు గానీ పత్రికలో అది అచ్చు కాలేదు. పత్రికవారు మన వ్యాసం నుంచి తీసుకున్నారు, మనం తిరిగి వారినే సాక్షిగా చూపాం. ఆ కథను తీసేశాను. ఇప్పటికీ మూలం తేదీని, ఆ వాక్యం చేరిన తేదీని పోల్చనిదే ఊరి పేర్ల కథలను నమ్మను.

గ్రామాల సంఖ్యా వివరాలకు ఇంత ఇబ్బంది లేదు. 2011 జనగణన వివరాలు దొరుకుతాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయినప్పుడు, 2019లో 33 అయినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు ప్రభుత్వ ఉత్తర్వులే ఆధారమయ్యాయి. ఏ మండలం ఏ జిల్లాలోకి వెళ్లిందన్న దానికి ఉత్తర్వును మించిన మూలం లేదు. అయితే ఆ మార్పు వలన ప్రజలకు మేలు జరిగిందన్న వాక్యానికి అదే ఉత్తర్వును చూపడం చెల్లదు. ఇక వార్తాపత్రికల లంకెలు చాలా త్వరగా చచ్చిపోతాయి. జిల్లా సంచికల వార్తలు కొన్నాళ్లకు దొరకవు. అందుకే లంకె ఇచ్చిన రోజే, వెబ్ పేజీల నకళ్లను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచి, పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య కూడా రాస్తాను. అచ్చు పత్రికను ఆధారంగా చూపవచ్చని చాలామందికి తెలియదు. అంతర్జాలంలో లేనిది మూలం కాదని ఏ నియమమూ చెప్పదు.

బతికి ఉన్నవారి వ్యాసాలలో మాత్రం ఆధారం లేని ఆరోపణను చర్చ కోసం ఆగకుండా తీసేయాలి. 2005లో అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్‌కు కెనెడీ హత్యతో సంబంధం ఉందన్న అనుమానం వచ్చిందని ఎవరో రాసిన అబద్ధం నాలుగు నెలలకు పైగా ఆంగ్ల వికీపీడియాలో నిలిచింది. అంతమంది సంపాదకులున్న చోటే అలా జరిగితే, కొద్దిమందే కాపలా కాసే తెవికీలో ఇంకెంత జాగ్రత్త కావాలో వేరే చెప్పనక్కరలేదు.

డబ్బు తీసుకుని రాసేవారు తమ యజమానిని, ఎవరి తరఫున రాస్తున్నారో వారిని, ఇతర సంబంధాలను వెల్లడించాలని, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2014 జూన్‌లో వాడుక నియమాలలో చేర్చింది. ఇది తెలుగుకూ వర్తిస్తుంది. మరుసటి ఏడాది ఆంగ్ల వికీపీడియాలో 381 ఖాతాలను ఒకేసారి నిరోధించిన ఉదంతం చూస్తే ఈ నియమం ఎందుకు అవసరమో తెలుస్తుంది. తిరస్కరణకు గురైన చిత్తుప్రతుల యజమానులను వెతికి పట్టుకుని, వ్యాసం నిలబెడతామని ఆ ఖాతాలవారు సొమ్ము అడిగేవారు. మన దగ్గర నాకు ఎదురైనవి చిన్నవి. ఒక ప్రైవేటు కళాశాల ఉద్యోగి కరపత్రంలోని వాక్యాలనే వ్యాసంగా పెట్టారు. అడిగితే, యాజమాన్యం చెప్పిందని నిజాయితీగా ఒప్పుకున్నారు. వాడుకరి పేజీలో ఆ మాట రాయించి, మార్పులను చర్చా పేజీలో ప్రతిపాదించమన్నాను. ఆయన చక్కగా ఆధారాలతో ఐదు సవరణలు ప్రతిపాదించారు. రెండింటిని నేనే చూశాను, మిగిలిన మూడింటిని నెలల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఆయన విసిగి, సంబంధం దాచిపెట్టి మరో ఖాతాతో మార్చారు. ఆయన చేసింది తప్పే. కానీ నిజం చెప్పినవాడిని ఎదురుచూడబెట్టి, దాచినవాడికి దారి వదిలిన మన తీరులోనూ లోపం ఉంది. తెవికీ వాడుకరులందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో ఈ మాట రెండుసార్లు ఎత్తాను. ఇలాంటి అభ్యర్థనలన్నీ ఒకే జాబితాలా కనిపించే వర్గంలోకి చేరేలా మూస (పేజీలో పెట్టే తయారు గుర్తు) పెట్టి, ఒక్కొక్కరం వారానికి రెండు చూసినా చాలునన్నది నా ప్రతిపాదన.

మూడేళ్ల క్రితం ఆంధ్రపత్రిక పాత సంచికల స్కాన్లు తిరగేస్తుంటే, మా తాతగారు వాయించిన ఒక నాటక ప్రదర్శన మీద నాలుగు పంక్తుల సమీక్ష కనబడింది. అందులో ఆయన పేరుంది. చాలాసేపు ఆ పుట మూయలేకపోయాను. ఆ నాలుగు పంక్తులతో ప్రత్యేక వ్యాసం నిలవదని నాకు తెలుసు. మా ఊరి వ్యాసపు చర్చా పేజీలో "ఈయన మా తాతగారు, కాబట్టి నేను చేర్చను, ఆధారం ఇదీ, తగినదనిపిస్తే చేర్చండి" అని రాసి, సంచిక తేదీ, పుట ఇచ్చాను. నాలుగు నెలల తర్వాత, నేనెప్పుడూ కలవని ఒక వాడుకరి ఊరి వ్యాసంలో ఆయన పేరుతో ఒక్క వాక్యం చేర్చి, పక్కన ఆ మూలాన్ని పెట్టారు. అమ్మకు ఫోనులో ఆ వాక్యం చదివి వినిపించాను.